నేలమాళిగలో ఎండ

ఆకు చూడకుండా ఎరువు సీసా మూత తీసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మా లోయలో అలాంటివాళ్ళకు కొదవ లేదు. మొక్క కాస్త వాడిందంటే చాలు, ఒకడు కాల్షియం పొయ్యమంటాడు, ఇంకొకడు బెల్లం మడ్డి పొయ్యమంటాడు, మరొకడు ఫోన్లో వీడియో పెట్టి ముక్కు దగ్గర ఆడిస్తాడు. చెప్పినవన్నీ పోసి, మొక్క చావుకి సిద్ధమయ్యాక ప్లాస్టిక్ కవర్లో నాలుగు ఆకులు వేసుకుని నా దగ్గరికి వస్తారు. నేను గంజాయి పెంచడం మొదలుపెట్టినప్పుడు అది నేరం. కొండమీద అడవిలో, హెలికాప్టర్ చప్పుడు వినపడితే దేవదారు చెట్ల కిందికి పరుగెత్తుతూ నేర్చుకున్న విద్య నాది. ఇప్పుడు ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చని చట్టమే ఒప్పుకుంది. అప్పట్లో నన్ను చూసి వీధి మారినవాళ్ళే ఇప్పుడు కోఆపరేటివ్ దుకాణంలో క్యాబేజీల దగ్గర నన్ను ఆపి, కవరు తీసి, "జూన్, ఒక్కసారి చూడవా" అంటారు. చూస్తాను. తిట్టి మరీ చూస్తాను.

వాల్టర్ సావిన్‌కాఫ్ కవరు తేలేదు. జనవరిలో ఒక మధ్యాహ్నం మా గుమ్మంలో నిలబడి, బూట్ల మంచు దులపడం కూడా మర్చిపోయి, కోటు జేబులోంచి చేతిరుమాలు తీశాడు. మడతలు విప్పితే అందులో ఒకే ఒక్క ఆకు ఉంది.

వాల్టర్ రోడ్ల మీద మంచు తోసే ట్రక్కు నడుపుతాడు. వాళ్ళది దుఖోబోర్లనే క్రైస్తవ శాఖ కుటుంబం, తాతల నాడు రష్యా నుంచి వచ్చినవాళ్ళు. మాంసం, మందు, పొగ మూడూ నిషిద్ధమైన ఇంట్లో పెరిగాడు. అలాంటివాడు గంజాయి పెంచడానికి కారణం ఆయన భార్య నెల్లీ కీళ్ళు. చేతివేళ్ళు, మోకాళ్ళు, తుంట్లు అన్నిటినీ వాతం పట్టేసింది. డాక్టరిచ్చిన మాత్రలు కడుపుని పాడుచేశాయి. ఐదేళ్ళ క్రితం నేను ఇంట్లో గంజాయి వేసి కాచిన వెన్న కాస్త రొట్టెకి రాసి పెడితే, ఆ రాత్రి ఆమె తెల్లవార్లూ నిద్రపోయింది. మర్నాడు పొద్దున్నే వాల్టర్ టోపీ చేత్తో పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఆ మొక్క ఎలా పెంచాలో నేర్పమన్నాడు. మా అమ్మకి తెలిస్తే సమాధిలోంచి లేచొస్తుంది అని కూడా అన్నాడు.

నా మొక్కలోంచే ఒక కొమ్మ కోసిచ్చాను. దాని పిల్లలే అప్పటినుంచీ వాళ్ళ నేలమాళిగలో, వెండి రంగు గుడ్డ డేరాలో, లైటు కింద పెరుగుతున్నాయి. నెల్లీకి ఆ ఒక్క రకమే పడుతుంది. పోయినేడు పూతకి బూజు పట్టి పంటంతా పారేయాల్సి వచ్చినప్పుడు వాల్టర్ దుకాణంలో అమ్మే గంజాయి నూనె తెచ్చాడు. దాంతో ఆమెకి గుండె దడ, గోడలు మీదికొస్తున్నాయని భయం. మళ్ళీ పంట చేతికొచ్చేదాకా ఆ ఇంట్లో ఇద్దరికీ నిద్ర లేదు. పక్కగదిలో పడుకుని ఆమె మూలుగు వినపడకుండా నోరు నొక్కుకోవడం వింటూ ఉండేవాణ్ణని ఆయన నాకు ఒకసారి చెప్పాడు. రెండోసారి చెప్పలేదు, నేనూ అడగలేదు.

అందుకే ఆ చేతిరుమాలు చూడగానే నా వెటకారం నోట్లోనే ఆగిపోయింది. అయినా అలవాటు కొద్దీ అన్నాను.

"ఏమయ్యా, ఆకు పసుపుబారితే సంతోషించాలి. కోత దగ్గరపడుతోంది కదా."

పెంచేవాళ్ళందరం అంతే. కోతకి కొద్ది వారాల ముందు ఎరువు ఆపేసి ఉత్త నీళ్ళు పోస్తాం. అప్పుడు మొక్క తన ఆకుల్లో దాచుకున్నది తానే తింటుంది, కింది ఆకులు పసుపుబారి రాలతాయి. అది చూసి లోయలో అందరూ గర్వపడతారు, ఫోటోలు తీసి పంపుకుంటారు. వాల్టరూ పంపాడు. చాలా బాగుందని నేను జవాబు కూడా రాశాను.

"నేనూ అదే అనుకున్నా. మొదట్లో తెగ మురిసిపోయా," అన్నాడు. "కానీ ఇవి పండట్లేదు జూన్. వేగుతున్నాయి."

ఆకుని పట్టుకోబోతే నా వేళ్ళ మధ్య పొడైపోయింది. పండిన ఆకు మెత్తగా ఉంటుంది, ఇలా పొడి కాదు. అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుని ఉన్నాయి. నాకు నచ్చలేదు.

"ఏం పోశావు?"

"గస్ ఏదో సీసా ఇచ్చాడు."

"ఎరువుల కొట్టు గస్సా? వాడు అమ్ముకునేవాడయ్యా, వైద్యుడు కాదు. పోశావా?"

"సగం మూత."

"ఇంక ఒక్క చుక్క పోశావంటే ఆ సీసాతో నీ నెత్తి పగలగొడతా. పద."

నెల్లీ వంటింట్లో పొయ్యి పక్కన తన కుర్చీలో కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద దుప్పటి, భుజాల మీద శాలువా, మెడకి వాల్టర్ చుట్టిన మఫ్లరు. కొండ అడ్డం కాబట్టి నవంబరు నుంచి వాళ్ళ వైపు ఎండ పడదు, మధ్యాహ్నం కూడా దీపం వెయ్యాల్సిందే. ఆ మసక వెలుతురులో ఆమె ముఖం పాలిపోయినట్టు కనిపించింది.

"రా డాక్టరమ్మా," అంది. "రోగి కింద ఉంది. నన్ను చూడ్డానికి ఎవరొస్తార్లే."

"నిన్ను చూసేదేముందే. రోగం పాతదే, నోరూ పాతదే."

ఆమె నవ్వుతూ టీ కెటిల్ కోసం చెయ్యి చాపింది. ఆ చెయ్యి సగం దూరం వెళ్ళకముందే వాల్టర్ కెటిల్ అందుకుని మూడు కప్పుల్లో పోసేశాడు. ఆమె చెయ్యి తిరిగి ఒళ్ళోకి వెళ్ళిపోయింది. ఆయన ఎప్పుడూ అంతే. ఆమె లేవబోతే లేపుతాడు, తుమ్మబోతే రుమాలు అందిస్తాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ తమ మొగుళ్ళకి ఆయన్ని చూపించి దెప్పుతారు. నేను కూడా ఆయనంతటి మంచివాడు లేడని నలుగురిలో చెప్పేదాన్ని.

"నువ్వూ రావే కిందికి, చూద్దువుగాని," అన్నాను ఆమెతో, మాటవరసకి.

"ఆవిడెలా వస్తుంది," అన్నాడు వాల్టర్. "ఆ మెట్ల మీదే కదా రెండేళ్ళ క్రితం జారింది. అప్పట్నుంచీ దిగనివ్వడం లేదు."

నెల్లీ టీ ఊదుకుంది.

నేలమాళిగలో ఒక పక్క కట్టెలు, ఒక పక్క వాషింగ్ మెషీన్, నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా గోడవారగా చక్రాల హీటరొకటి. మధ్యలో డేరా. వాల్టర్ జిప్పు తియ్యగానే పచ్చి వాసన గుప్పుమంది. నాలుగు మొక్కలూ నడుం ఎత్తున, పూత బరువుకి కొమ్మలు వంగి ఉన్నాయి. పైభాగం అద్భుతంగా ఉంది. కిందినుంచి సగం దాకా మాత్రం ఆకులన్నీ అన్నివైపులా ఎండి, గలగలలాడుతున్నాయి.

అక్కడున్న తలకిందుల బకెట్ మీద కూర్చుని, తాపీగా మొదలుపెట్టాను. లైటు మరీ దగ్గరైతే పైఆకులు మాడతాయి, ఇక్కడ పైఆకులు పచ్చగా ఉన్నాయి. పురుగేమోనని ఆకుల అడుగు భాగం భూతద్దంతో వెతికాను, ఒక్కటీ లేదు. ఎరువు ఎక్కువైతే ముందు కొసలు కాలతాయి, ఆకు ముదురాకుపచ్చకి తిరుగుతుంది, అదీ కాదు. కుండీ అడుగునుంచి కారిన నీళ్ళు పరీక్షించాను, బాగానే ఉన్నాయి. వేర్లు తెల్లగా ఉన్నాయి, మంచి మట్టి వాసన వస్తోంది. ఫ్యాను తిరుగుతోంది. గాలిలో తేమ చూపించే మీటరు కూడా సరైన అంకె దగ్గరే ఉంది.

వాల్టర్ నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. "తెలిసిందా?"

"తెలిస్తే ఈ బకెట్ మీద ఇంకా ఎందుకు కూచుంటాను?"

పూత మీద సన్నటి చుక్కలు మెరుస్తుంటాయి, మందంతా వాటిలోనే. భూతద్దంలో అవి ఇంకా గాజులా తేటగా ఉన్నాయి. పాలరంగుకి తిరిగాక కోస్తేనే నెల్లీకి నిద్రపట్టేది. అంటే ఇంకో మూడు వారాలైనా ఆగాలి. ఆకులు ఈ లెక్కన మాడుతూపోతే మొక్కకి అన్నాళ్ళు బతికే ఓపిక ఉండదు.

అప్పుడు ఆయన నీళ్ళు పోసి, అలవాటుగా ఒక్కో కుండీని పావు చుట్టు తిప్పాడు. అన్ని వైపులా లైటు సమంగా పడాలని అందరం తిప్పుతాం, చంటిపిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టినట్టు. నేను ఆయన చేతుల్నే చూస్తూ ఉండిపోయాను. రోగం వేర్లలో ఉంటే మొక్కంతా కుంగుతుంది. బయటినుంచి తగిలితే ఒక వైపే దెబ్బతింటుంది. కానీ దెబ్బతిన్న వైపుని ప్రతిసారీ తిప్పేస్తూ ఉంటే, అది ఏ వైపునుంచి తగిలిందో ఆ దేవుడికి కూడా తెలియదు.

"వాల్టర్, ఇకమీదట కుండీలు తిప్పకు."

"తిప్పకపోతే ఒక పక్కకి ఒరిగిపోతాయి కదా."

"ఒరగనీ. మాడిన ఆకులన్నీ ఇప్పుడే తుంచేద్దాం. వారం రోజులు నీళ్ళు తప్ప ఇంకేం పొయ్యకు, కుండీ కదపకు. గస్ కొట్టు వైపు చూడను కూడా చూడకు."

ఆయనకి ఇష్టం లేదు. చేతులు ఊరికే పెట్టుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు. అయినా ఒప్పుకున్నాడు.

ఆ వారమంతా మంచు కురిసింది. వాల్టర్ చీకటితో ట్రక్కెక్కి చీకటిపడ్డాక దిగేవాడు. కాస్త తెరిపిచ్చిన రోజు నేను బూట్లు తొడుక్కుని వాళ్ళింటికి నడిచి వెళ్ళాను, ఆకులు ఓసారి చూసొద్దామని. వెనక తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. లోపలికెళ్ళి నెల్లీని పిలిచాను. జవాబు లేదు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. దుప్పటి మడతపెట్టి ఉంది. ఆమె పట్టుకుని నడిచే స్టాండు నేలమాళిగ తలుపు పక్కన గోడకి ఆనించి ఉంది.

మెట్ల కింద ఆమె ఎలా పడి ఉంటుందో కళ్ళముందు కనిపించింది. ఈ వయసులో నేను అంత తొందరగా మెట్లు దిగి ఎన్నేళ్ళయిందో.

నెల్లీ పడి లేదు. డేరా జిప్పు బార్లా తీసి ఉంది. ఫ్యాను ఆపేసి ఉంది. డేరా గుమ్మంలో ఆ బకెట్ మీద కుషను వేసుకుని, శాలువా తీసేసి, చేతులు మోచేతుల దాకా బయటపెట్టుకుని, లైటుకేసి ముఖమెత్తి కళ్ళు మూసుకుని కూర్చుంది. పాదాల దగ్గర హీటరు ఎర్రగా కాలుతోంది. ఒళ్ళో కమలాపండు తొక్కలు.

"తలుపు వెయ్యి జూన్, చలిగాలి," అంది, కళ్ళు తెరవకుండానే.

"నీకు మతి పోయిందా? ఎలా దిగావే?"

"పిర్రల మీద. ఒక్కో మెట్టు కూచుంటూ. చిన్నపిల్లలు దిగరూ?" కళ్ళు తెరిచింది. "దిగడం సులువే. ఎక్కడానికే సగం పొద్దు పడుతుంది, వెనక్కి తిరిగి చేతుల మీద ఎక్కాలి. పైకెళ్ళాక కుర్చీలో పడితే సాయంత్రం దాకా లేవను. రోజంతా అక్కడే ఉన్నాననుకుంటాడు పాపం."

"ఎప్పట్నుంచి?"

"ఎండ పోయినప్పట్నుంచి."

కోపంతో ముఖం తిప్పుకుని మొక్కల వైపు చూశాను, చూడగానే విషయం అర్థమైపోయింది. వారం రోజులుగా కదపని కుండీలు. లోపలివైపు ఆకులన్నీ నిగనిగలాడుతున్నాయి. గుమ్మంవైపు, సరిగ్గా కుండీ అంచునుంచి హీటరు ఎత్తు దాకా, కొత్తగా మాడిన ఆకులు గీత గీసినట్టు ఒకే వరసలో ఉన్నాయి. వెళ్ళేముందు ఆమె హీటరుని గోడ దగ్గరికి తోసేసి, ఫ్యాను వేసి, జిప్పు లాగేసేది. వాల్టర్ వచ్చేసరికి మీటరు తిరిగి మంచి అంకె మీద ఉండేది. వచ్చి నీళ్ళు పోసి కుండీ తిప్పేవాడు. మర్నాడు ఇంకో వైపు మాడేది.

"నెల్లీ, ఈ ఆకులు ఎందుకు ఎండుతున్నాయో తెలుసా నీకు?"

"వాల్టర్ ఏదో అంటున్నాడు, కాల్షియమో ఏదో."

"నీ కాళ్ళ దగ్గరున్నదానివల్ల."

ఆమె హీటరుని చూసింది, ఆకుల్ని చూసింది. ముందు నమ్మలేదు. "వెచ్చగా ఉంటే మంచిదే కదే వాటికి. నాకింత హాయిగా ఉంటే..." అని ఆగిపోయింది. చెయ్యి చాపి ఒక ఆకుని ముట్టుకుంది. అది విరిగి ఆమె ఒళ్ళో కమలా తొక్కల్లో పడింది.

"నా నిద్ర నేనే కాల్చుకుంటున్నానన్నమాట," అంది.

నేను హీటరు ఆపి గోడ దగ్గరికి లాగేశాను. ఫ్యాను వేశాను. వాల్టర్ పాత ఉన్ని కోటు కొయ్యకి వేలాడుతుంటే తెచ్చి ఆమె కాళ్ళకి చుట్టాను. కోపం తీరక గట్టిగానే చుట్టాను.

"ఆయనకి చెప్పకు," అంది నెల్లీ.

"చెప్పకపోతే పడి చస్తావు ఒకరోజు."

"చెప్తే బతికి ఏం చేస్తాను? రేపే ఆ తలుపుకి తాళం వేస్తాడు. ఏడుస్తూ వేస్తాడు, కానీ వేస్తాడు." నా చెయ్యి పట్టుకోబోయింది, వేళ్ళు ముడుచుకోక మణికట్టు మీద చెయ్యి ఆనించింది. "హీటరు ముట్టుకోను. ఒట్టు. నువ్వు మాత్రం చెప్పకు."

చెప్పనన్నాను. చెప్పనని అన్నందుకు నామీద నాకే చిరాకేసింది.

ఆమె మెట్లెక్కుతుంటే నేను వెనకే నడిచాను. సాయం చెయ్యబోతే మోచేత్తో పొడిచింది. పైకెక్కేసరికి ఆమె నుదురంతా చెమట, నా నుదురూ చెమటే. ఆమెని కుర్చీలో సర్దుకోనిచ్చి, పొద్దున వాల్టర్ కాచిపెట్టిన బోర్ష్ సూపు వేడిచేస్తూ కూర్చున్నాను.

చీకటిపడ్డాక వాల్టర్ వచ్చాడు. మీసాల మీద మంచు కరగకముందే, కోటు కూడా విప్పకుండా తిన్నగా కిందికి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన చేతిలో కోత కత్తెర ఉంది.

"నువ్వు చెప్పినట్టే చేశాను జూన్. వారంలో ఇంకా మాడాయి. ఇంక ఆగను. ఈ రాత్రికే మొత్తం కోసేస్తాను."

"పిచ్చి పని చెయ్యకయ్యా. చుక్కలింకా గాజులానే ఉన్నాయి. ఇప్పుడు కోస్తే అది మందు కాదు, గడ్డి."

"ఆగితే గడ్డి కూడా మిగలదు." కత్తెరని బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీశాడు. "నీళ్ళు తప్పా, మట్టి తప్పా, ఏం తప్పు చేశానో తెలియడం లేదు. పోయినేడూ అంతే, నా చేతుల్లోనే బూజు పట్టింది. నేను చెయ్యగలిగింది ఈ ఒక్కటే. అదీ చేతకాకపోతే..." నెల్లీ వైపు చూడకుండా అన్నాడు. "మళ్ళీ ఆ రాత్రులు నేను వినలేను."

కారణం నాకు తెలుసని చెప్పడానికి లేదు. ఆగు అని మాత్రం ఇంకోసారి అన్నాను. కారణం చెప్పకుండా ఆగమంటే ఎవరాగుతారు? ఆయన నేలమాళిగ తలుపు తీశాడు.

"వాల్టర్," అంది నెల్లీ. "ఆ కత్తెర కింద పెట్టు. మొక్కలకి ఏ రోగమూ లేదు. నేనే."

"నువ్వేంటి?"

"చలి ముదిరినప్పట్నుంచీ హీటరు డేరా దగ్గరికి లాక్కుని కూచుంటున్నాను. నువ్వు పనికెళ్ళాక. రోజూ."

ఆయనకి అర్థం కాలేదు. నావైపు చూశాడు. నేను సూపు కలుపుతూ ఉండిపోయాను. మొక్కల గురించి అడుగుతాడనుకున్నాను, అడగలేదు.

"మెట్లు ఎలా దిగావు?"

"కూచుని."

"పడితే?"

"పడలేదుగా."

"నాతో చెప్తే ఎత్తుకుని తీసుకెళ్ళేవాణ్ణి కదా నెల్లీ."

"తీసుకెళ్ళేవాడివే," అంది ఆమె. "అందుకే చెప్పలేదు."

వాల్టర్ కత్తెరతోనే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. దారి దొరికిందనుకున్నాడు.

"లైటే కదా నీక్కావలసింది? ఇంకో లైటు తెస్తాను. ఇక్కడే, నీ కుర్చీ మీద వేలాడదీస్తాను. రేపే వెళ్ళి తెస్తాను. నువ్వు కదలక్కర్లేదు."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"కదలక్కర్లేదు కనక." నెల్లీ గొంతు పెంచలేదు. "పొద్దున నన్ను నువ్వు లేపుతావు. మేజోళ్ళు నువ్వు తొడుగుతావు. జుట్టు నువ్వు దువ్వుతావు, అదీ వంకర పాపిట తీసి. రొట్టె ముక్కలు చేసి పెడతావు. ఇవన్నీ నాకు కావాలి వాల్టర్, కాదనను. కానీ రోజు మొత్తమ్మీద నా అంతట నేను వెళ్ళే చోటు అదొక్కటే. వెళ్ళాలని నేను అనుకుంటాను, వెళతాను, తిరిగొస్తాను. ఒళ్ళంతా పులిసిపోతుంది. అయినా సాయంత్రం నువ్వొచ్చి రోజంతా ఏం చేశావని అడిగితే, చెప్పకపోయినా, నా దగ్గర చెప్పుకునేది ఒకటుంటుంది. దాన్ని కూడా తీసుకొచ్చి నా కుర్చీ మీద వేలాడదీస్తానంటే నేనేం చెప్పను?"

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. మంచుకి పగిలిన పెద్ద చేతులు.

"నిన్ను బాగా చూసుకుంటున్నాననుకున్నాను," అన్నాడు.

"చూసుకుంటున్నావు. కాస్త తక్కువగా చూసుకో."

ఆ మాటకి ఆయనకి నొప్పి కలిగింది. నాకు తెలుస్తూనే ఉంది. నాకూ కలిగింది. ఆయనంతటి మంచివాడు లేడని నలుగురిలో పొగిడినప్పుడల్లా ఆ కుర్చీలో ఉన్న మనిషిని నేనూ చూడలేదు. సూపు గిన్నెల్లో పోసి, మీగడ వేసి, ఇద్దరి ముందూ పెట్టాను. తిన్నారు. ఎవరూ ఉప్పు తక్కువైందని కూడా అనలేదు.

మొక్కలు తేరుకున్నాయి. మాడిన ఆకు తిరిగి పచ్చబడదు కానీ కొత్తగా మాడడం ఆగిపోయింది. హీటరు గోడ దగ్గరే ఉంది. నెల్లీ వాల్టర్ కోటు కాళ్ళకి చుట్టుకుని, ఫ్యాను గాలిని తిట్టుకుంటూ కూర్చునేదట. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం దిగేది కాదు. ఆయన అడగనూ లేదు. ఎప్పుడైనా నేను వెళితే ఆయన ముఖం చూసి తెలిసేది, ట్రక్కులో రోజంతా ఆ మెట్ల గురించే ఆలోచిస్తున్నాడని.

ఫిబ్రవరిలో చుక్కలు పాలరంగుకి తిరిగాయి. ముగ్గురం వంటింటి బల్ల చుట్టూ కూర్చుని పూత కోశాం. కత్తెర పట్టలేని నెల్లీ పెద్ద ఆకులు తుంచి కుప్ప వేసింది. చేతులన్నీ బంక, ఇల్లంతా ఘాటు, పాత తగాదాలన్నీ తవ్వుకుని నవ్వుకున్నాం. పంట మామూలు కన్నా తక్కువే వచ్చింది. అయినా నూనె కాచి సీసాల్లో పోస్తే, పొదుపుగా వాడితే తర్వాతి పంటదాకా సరిపోయేలా ఉంది. మొదటి మోతాదు వేసుకున్న మర్నాడు వాల్టర్ నాకు ఫోను చేసి, ఇంకేమీ చెప్పకుండా, "పొద్దెక్కింది, ఇంకా లేవలేదు," అన్నాడు. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. మంచు లేదు, వాల్టర్ ఇంట్లోనే ఉన్నాడు. ముగ్గురం బల్ల దగ్గర ఉన్నాం. కిందినుంచి ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది, అంటే లైటూ వెలుగుతున్నట్టే.

"మొక్కల్లేవుగా, లైటెందుకయ్యా దండగ?" అన్నాను.

"ఊరికే," అన్నాడు, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

నెల్లీ గిన్నె పక్కకి జరిపింది. బల్ల అంచు పట్టుకుని లేచింది. వాల్టర్ కుర్చీ కదిలింది, ఆయన లేవలేదు. ఆమె స్టాండు పట్టుకుని నేలమాళిగ తలుపు దాకా వెళ్ళి, తలుపు తీసి, స్టాండుని గోడకి ఆనించి, చౌకట్టు పట్టుకుని మెల్లగా కిందికి కూర్చుంది. చెయ్యి వెనక్కి చాపి తలుపు దగ్గరికి లాక్కుంది.

మొదటి మెట్టు చప్పుడు వినిపించింది. తర్వాత రెండోది. వాల్టర్ వెన్న కత్తి కింద పెట్టి రెండు చేతులూ బల్ల మీద బోర్లించాడు. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఆయన ఊపిరి తీసుకోవడం లేదు. సగం దూరంలో చప్పుడు ఆగిపోయింది.

"ఆగిందేం?" అన్నాడు గుసగుసగా.

"అలుపు తీర్చుకుంటోందిలే."

ఇంకా ఆగింది. ఆయన లేచాడు. నేను ఆపలేదు, ఆపే ధైర్యం నాకూ లేదు. తలుపు దగ్గరికి వెళ్ళి, చెక్క మీద అరచెయ్యి ఆనించి, తియ్యకుండా నిలబడ్డాడు.

కిందినుంచి నెల్లీ గొంతు వినిపించింది. "నువ్వు తలుపు దగ్గర నిలబడ్డావని నాకు తెలుసు వాల్టర్. వెళ్ళి కూచో."

ఆయన చెయ్యి తీశాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ మెట్టు చప్పుడు, ఇంకోటి, ఇంకోటి. చివరికి కాళ్ళు నేలకి ఈడ్చిన చప్పుడు, డేరా జిప్పు చప్పుడు. వాల్టర్ కళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. వెన్న రాసిన రొట్టె ముక్క నా ముందుకి జరిపాడు.

"తిను జూన్," అన్నాడు. "ఆవిడొచ్చేసరికి చాలాసేపు పడుతుంది."